క్యాసెట్ ఎక్కడ అరిగింది?

అందరికీ నమస్కారం. మైకు కొంచెం పక్కకి పెడతానండీ, కౌంటర్ వెనకాల నుంచి అరిచి మాట్లాడే అలవాటు నాది, పైగా ఈ హాలు చిన్నది.

నన్నెందుకు పిలిచారో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. నేను విమర్శకుణ్ణి కాదు, సినిమా తీసినవాణ్ణి కాదు, కనీసం థియేటర్లో టికెట్లు చింపినవాణ్ణి కూడా కాదు. తెనాలి రైల్వే స్టేషన్ దగ్గర ఇరవై రెండేళ్ళు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాను, అంతే. 1987లో షట్టర్ ఎత్తాను, 2009లో దించేశాను. మధ్యలో క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి డీవీడీలొచ్చాయి, ఆ తర్వాత నేనే పోయాను. (నవ్వులు) ఈ కుర్రాళ్ళు ఇంటికొచ్చి "అంకుల్, ఇప్పుడున్న డైరెక్టర్లలో ఎవరి సినిమాలు రేపు క్లాసిక్స్ అవుతాయో మాట్లాడండి" అన్నారు. అది జ్యోతిష్యం కదరా అన్నాను. కాదు, మీకు ఏ సినిమా ఎన్నిసార్లు అద్దెకి వెళ్ళిందో తెలుసు కదా అన్నారు. ఆ మాటకి పడిపోయాను. నిజమే, అది నాకు తెలుసు.

ముందు శివరాత్రి సంగతి చెప్పాలి. ఈ హాల్లో నలభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, జాగారం అంటే రాత్రికి టీవీ, డెక్కు, అంటే క్యాసెట్లు ఆడించే వీసీఆరు, మూడు క్యాసెట్లు అద్దెకి తెచ్చుకోవడం. వీధి మొత్తం చందాలేసుకుని తెచ్చుకునేవాళ్ళు. మొదటి క్యాసెట్టు భక్తి సినిమా, అది పెద్దవాళ్ళ కోసం, పుణ్యం కోసం. రెండోది ఆ యేడు ఆడిన కొత్త సినిమా, కుర్రాళ్ళ కోసం. మూడోది ఉంటుంది చూడండి, రాత్రి రెండున్నర నుంచి తెల్లారే వరకూ, కళ్ళు మూతలు పడే టైమ్‌లో జనాన్ని నిద్ర పోకుండా కూర్చోబెట్టాల్సిన క్యాసెట్టు, దానికి ఎప్పుడూ పాత సినిమానే అడిగేవాళ్ళు. అందరూ చూసేసిందే, అందరికీ కథ తెలిసిందే. ప్రతి శివరాత్రికీ మాయాబజార్ క్యాసెట్టు కోసం నా షాపు ముందు గొడవే. ఒక యేడు మూడు కాపీలు పెట్టినా చాలలేదు.

క్లాసిక్ అంటే నాకు తెలిసిన అర్థం అదే. కథ తెలిసి కూడా రాత్రి రెండున్నరకి కళ్ళు తెరిపించేది.

ఇంకో విషయం కూడా నాకు మాత్రమే తెలిసింది చెప్తాను, మీకు నచ్చకపోతే వదిలేయండి. టేపు ఒకే రకంగా అరగదు. జనం ఎక్కడ ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తారో అక్కడ అరుగుతుంది, తెర మీద తెల్ల గీతలు పడతాయి. క్యాసెట్ తిరిగొచ్చాక నేను డెక్కులో వేసి చూసుకునేవాణ్ణి, పాడు చేశారేమోనని. మాయాబజార్‌లో గీతలు రెండు చోట్ల పడేవి. ఒకటి వివాహ భోజనంబు, అది చెప్పక్కర్లేదు. రెండోది అహ నా పెళ్ళంట, అక్కడ సావిత్రి గారు శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా చేస్తారు, ఆడపిల్ల ఒంట్లో దూరిన రాక్షసుడు ఎలా నడుస్తాడో ఎలా ఒళ్ళు విరుచుకుంటాడో చూడ్డానికి జనం తిప్పి తిప్పి చూసేవాళ్ళు. యుద్ధాలున్న సినిమాల్లో యుద్ధాల దగ్గర గీతలుండేవి కావు. ఆశ్చర్యం కదా? పెద్ద పెద్ద సెట్లేసి, గుర్రాలూ కత్తులూ పెట్టి తీసిన చోట టేపు కొత్తదిలా మెరుస్తుండేది.

కాబట్టి మీరు అడిగిన ప్రశ్నని నేను నా భాషలోకి మార్చుకున్నాను. ఇప్పటి సినిమాలు క్యాసెట్ల మీద ఉంటే, ముప్పయ్యేళ్ళ తర్వాత ఏవి అరిగిపోయి ఉంటాయి? ఏ చోట అరిగి ఉంటాయి?

దీనికి జవాబు వెతికే ముందు, మన లెక్కలు ఎంత తప్పుతాయో కూడా చూడాలి. శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీ. హీరో ఎవరయ్యా అంటే జె.వి. సోమయాజులు గారు, అప్పటికి డిప్యూటీ కలెక్టరు, పేరున్న హీరో కాదు. సినిమా నిండా కర్ణాటక సంగీతం. ఆ వారం ఎవరైనా ఈ సినిమా నలభై అయిదేళ్ళు బతుకుతుంది అని ఉంటే పిచ్చోడన్నట్టు చూసేవాళ్ళు. దగ్గర్లోది చెప్పాలంటే ఖలేజా, 2010లో థియేటర్ల నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది, త్రివిక్రమ్ పనైపోయిందన్నారు, ఆ తర్వాత టీవీలో వేసిన ప్రతిసారీ ఇంట్లో అందరూ సోఫాకి అతుక్కుపోవడం మొదలైంది, 2025 మే నెలలో మళ్ళీ థియేటర్లలో వేస్తే పదిహేనేళ్ళ కిందట పుట్టని పిల్లలు కూడా డైలాగులు ముందే చెప్పేస్తూ చూశారు. డబ్బులిచ్చి మరీ. ప్రపంచంలో కూడా ఇంతే. ఇంగ్లండులో ఒక సినిమా పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి విమర్శకుల్ని అడిగి అన్నిటికన్నా గొప్ప సినిమా ఏదో లెక్కేస్తుంది. 1962 నుంచి యాభయ్యేళ్ళ పాటు సిటిజన్ కేన్ పేరే మొదట ఉండేది, అది 1941లో వచ్చినప్పుడు పెట్టిన డబ్బులు రాలేదు. 2022లో మొదటి స్థానం దేనికి వచ్చిందో తెలుసా? 1975లో బెల్జియంలో పాతికేళ్ళ అమ్మాయి, షాంటాల్ అకర్‌మన్, తీసిన సినిమాకి. మూడు గంటల పైన ఉంటుంది, ఒకావిడ ఇంట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటుంది, మంచం సర్దుతుంటుంది. మా ఆవిడకి చెప్తే "అది నేను రోజూ వేస్తున్న షో, మీరే చూడట్లేదు" అంది. (నవ్వులు)

సరే, అంటే మొదటి వారం వసూళ్ళని బట్టి చెప్పలేం. అవార్డుల్ని బట్టి చెప్పలేం. మరి దర్శకుడి పేరుని బట్టి చెప్పగలమా? అదీ అనుమానమే. కె.వి. రెడ్డి గారి కన్నా గొప్పవాడు ఎవరండీ మనకి? 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1961లో జగదేకవీరుని కథ. అదే మనిషి, స్టాప్‌వాచీ పెట్టి ప్రతి సీనూ ఎంతసేపో లెక్కేసే అదే క్రమశిక్షణ, 1965లో సత్య హరిశ్చంద్ర తీస్తే ఆడలేదు, రామారావు గారుండి కూడా. ఇవాళ దాని కోసం ఎవరూ కొట్టుకోరు. అందుకని నేను మనిషి మీద పందెం కాయను, సినిమా మీద కాస్తాను. మీరు డైరెక్టర్ల పేర్లు అడిగారు, పేర్లు చెప్తాను, కానీ ప్రతి పేరుకీ ఒక సినిమా అంటించి చెప్తాను.

మీలో ఎంతమంది గమనించారో గానీ, 2018లో వచ్చిన మహానటిలో ఒక సరదా ఉంది. పాత దర్శకుల వేషాలు కొత్త దర్శకులు వేశారు. కె.వి. రెడ్డి గారిగా క్రిష్, సింగీతం శ్రీనివాసరావు గారిగా తరుణ్ భాస్కర్, వేదాంతం రాఘవయ్య గారిగా సందీప్ రెడ్డి వంగా. అర్జున్ రెడ్డి తీసిన మనిషి దేవదాసు తీసిన మనిషి వేషం వేయడం, ఎవరికి తట్టిందో గానీ భలే తట్టింది. తాగుబోతు ప్రేమికుడి పీఠం చేతులు మారినట్టు. నాగ్ అశ్విన్ ఆ ఒక్క పనితో ఈ రోజు మీరు నన్నడిగిన ప్రశ్నకి ఎనిమిదేళ్ళ కిందటే జవాబు చెప్పేశాడని నాకనిపిస్తుంది, నవ్వులాటకే అయినా.

నాగ్ అశ్విన్ గురించి ఇంకో మాట. సింగీతం గారు మాయాబజార్‌కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడు. ఆ సింగీతం గారే 1987లో మాటల్లేకుండా పుష్పక విమానం తీశారు, 1991లో ఆదిత్య 369లో కాలయంత్రం ఎక్కించి శ్రీకృష్ణదేవరాయలి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయనే నాగ్ అశ్విన్‌కి 2024లో వచ్చిన కల్కి సినిమాకి మార్గదర్శిగా కూర్చున్నారు. పురాణాన్ని తీసుకుని ఆట ఆడుకోవడం అనే విద్య ఒక చేతి నుంచి ఒక చేతికి అలా వచ్చింది. అయితే కల్కి నిలుస్తుందా అంటే నేను తల అడ్డంగా ఊపుతాను. చివర్లో అశ్వత్థామ ఉన్న చోట్లు బాగున్నాయి, మిగతాది సామాను ఎక్కువ, సంసారం తక్కువ. మహానటికైతే పందెం కాస్తాను. అందులో సావిత్రి ఒక కంట్లోంచి మాత్రమే నీళ్ళు కార్చే సీను ఉంది చూడండి, రెండు చుక్కలు చాలు అంటే రెండే చుక్కలు, అక్కడ నా షాపు టేపు అరిగిపోయి ఉండేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మాయాబజార్ ఎందుకు నిలిచింది? కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెల వల్ల అంటారు, నిజమే. రంగారావు గారి నోట్లోకి లడ్డూలు ఎగురుకుంటూ వెళ్ళడం వల్ల అంటారు, అదీ నిజమే. కానీ మా షాపుకొచ్చే ఒక పెద్దావిడ, కూరగాయలమ్మే ఆవిడ, ఒకసారి క్యాసెట్టు తిరిగిస్తూ "మా ఆడపడుచు అచ్చం ఆ రేవతీదేవిలాంటిదేనయ్యా" అంది. నాకప్పుడు బల్బు వెలిగింది. ఇది భారతం కాదు, పాండవులు ఒక్క సీన్లో కూడా కనిపించని భారతం! మేనల్లుడికి పిల్లనిస్తామని చిన్నప్పుడు మాటిచ్చి, ఆ పక్క ఆస్తి పోగానే మాట తప్పి డబ్బున్న సంబంధం చూసుకున్న ఇంటి కథ. ఆ గొడవ మన ప్రతి ఇంట్లోనూ ఉంది. పెళ్ళివారికి గోంగూర లేకపోతే ఎలా అన్న బెంగ కూడా ఉంది అందులో. ద్వాపరయుగంలో గోంగూర! పింగళి గారు అది రాసినప్పుడు ఎవరైనా అభ్యంతరం చెప్పి ఉంటే మనకి ఆ సినిమా ఉండేది కాదు.

ఆ గోంగూర దగ్గర్నుంచి నేను తిన్నగా నల్లిబొక్క దగ్గరికి వస్తాను. (నవ్వులు, చప్పట్లు) అర్థమైంది కదా. బలగం, 2023 మార్చి. భోజనాల దగ్గర నల్లిబొక్క, అంటే మూలుగున్న ఎముక, దాని విషయంలో బావమరిదికీ బావకీ మాటా మాటా వచ్చి, ఇరవయ్యేళ్ళు మాటల్లేవు, ఆడపడుచు పుట్టింటి గడప తొక్కలేదు, చివరికి తండ్రి చచ్చిపోతే పిండం కాకి ముట్టదు. తీసిందెవరు? వేణు యెల్దండి, అప్పటిదాకా మనం టీవీలో కామెడీ స్కిట్లలో చూసిన మనిషి. కాకి ముట్టలేదంటే అవతల పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని మనవాళ్ళు అనుకుంటారు, మా వైపూ అంతే, గుంటూరు జిల్లాలో కూడా అరటాకు ముందు నిలబడి ఆకాశం వైపు చూసే ఆ పది నిమిషాలు ఎంత నరకమో అనుభవించినవాళ్ళకి తెలుసు. ఇన్ని వేలమంది డైరెక్టర్లు, ఇన్నిసార్లు ఆ కర్మ చేసి ఉంటారు, ఎవరికీ ఆ పది నిమిషాలు సినిమా అని తట్టలేదు. ఆయనకి తట్టింది.

ఆ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్ళల్లో చావడి దగ్గర తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. ఓటీటీలో వచ్చేసిన తర్వాత కూడా! మాకది శివరాత్రిలా అనిపించింది. క్లైమాక్స్‌లో బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య గార్లు పాడిన పాట ఉంది, సినిమా పాటలా ఉండదు, చావింట్లో నిజంగా పాడే పాటలా ఉంటుంది. మొగిలయ్య గారు 2024 డిసెంబర్లో పోయారు. గొంతు మిగిలింది. మా పక్కింటి మాస్టారు కృష్ణా జిల్లా మనిషి, "యాస సగం అర్థం కాలేదు గానీ ఏడుపు మాత్రం మొత్తం అర్థమైంది" అన్నాడు. నా మొదటి పందెం ఇదే. ముప్పయ్యేళ్ళ తర్వాత నేనుండను, మీరు చూసుకోండి.

రెండోది కేరాఫ్ కంచరపాలెం. వెంకటేష్ మహా, 2018 సెప్టెంబర్. విశాఖపట్నంలో కంచరపాలెం అనే పేట, ఆ పేటలోనే తీశాడు, ఆ పేట మనుషుల్నే పెట్టి తీశాడు, ఎనభై మందికి పైగా అంతకు ముందు కెమెరా ముందు నిలబడనివాళ్ళు. అందులో అటెండర్ రాజు ఉన్నాడు, నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు, ఊరంతా వాడి పెళ్ళి గురించే మాట్లాడుతుంది, వాడికి మాత్రం తొందర లేదు. ఆఫీసులో పైఅధికారిణిగా ఒడిశా నుంచి వచ్చినావిడ ఉంటుంది. ఇంకో పక్క స్కూలు పిల్లలిద్దరు, ఇంకో పక్క బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం అనేవాడు, వాడికి రోజూ ముసుగేసుకుని క్వార్టర్ కొనుక్కెళ్ళే అమ్మాయి కళ్ళు. చివర్లో ఏం జరుగుతుందో చెప్పను, ఎందుకు చెప్పనో కాసేపట్లో తెలుస్తుంది. ఆ చివర తెలిసిపోయాక రెండోసారి చూస్తే సినిమా మారిపోతుంది. మొదటిసారి నవ్వుకున్న చోట రెండోసారి గొంతు పట్టుకుంటుంది. అద్దె షాపువాడికి దేవుడిలాంటి సినిమా అది, ఒక ఇంటికి తప్పకుండా రెండుసార్లు వెళ్తుంది. (నవ్వులు)

మహా మీద నాకొక కోపం కూడా ఉంది. అంత గొప్పగా మొదలుపెట్టి రెండేళ్ళ తర్వాత మలయాళం సినిమాని తెలుగులోకి తెచ్చాడు. బాగానే తెచ్చాడు, అరకు లోయ బాగానే ఉంది, చెప్పుల్లేకుండా తిరిగే ఫొటోగ్రాఫరు బాగానే ఉన్నాడు. కానీ కంచరపాలెం చూపించినవాడి దగ్గర ఇంకా ఎన్ని పేటలుండాలి!

తరుణ్ భాస్కర్ గురించి మా అబ్బాయి ఒక గంట మాట్లాడతాడు, నేను రెండు నిమిషాల్లో తేలుస్తాను. 2016లో పెళ్ళిచూపులు వస్తే నేను మురిసిపోయాను, రాంగ్ అడ్రస్‌కి పెళ్ళిచూపులకెళ్ళి గదిలో ఇరుక్కుపోయిన ఇద్దరు, అది చాలు. దానికి జాతీయ అవార్డులు కూడా వచ్చాయి. 2018లో ఈ నగరానికి ఏమైంది వస్తే నలుగురు తాగుబోతులు గోవా వెళ్ళడం ఏం సినిమారా అన్నాను. తప్పు నాదే. అయిదేళ్ళ తర్వాత, 2023లో అదే జూన్ 29న, మళ్ళీ వేస్తే మావాడు హైదరాబాద్‌లో టికెట్ దొరక్క తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాడు. నేను కూడా వెళ్ళాను వాడితో. తెర మీద మాట రాక ముందే హాలు మొత్తం ఆ మాట అంటోంది. నాకు వెంటనే పాత రోజులు గుర్తొచ్చాయి, అస్మదీయులు, తస్మదీయులు, వీరతాళ్ళు, ఇవన్నీ మాయాబజార్ ఇచ్చిన మాటలే కదా, మన నోళ్ళల్లో అరవై డెబ్భయ్యేళ్ళుగా నానుతున్నాయి. ఇప్పుడు మీరు ఫోన్లో ఒకళ్ళకొకళ్ళు పంపుకునే మీమ్‌లు కూడా అవే. మనిషికి తన సొంత మాట తట్టనప్పుడు సినిమాలో మాట అరువు తెచ్చుకుంటాడు. అలా అరువిచ్చే సినిమా ఊరికే చావదు. అయితే అనుమానం ఒకటుంది, ఆ నలుగురి వయసులో ఉన్న పిల్లలకి నచ్చినంత, ఆ పిల్లల పిల్లలకి నచ్చుతుందా? స్నేహం ఒకటే, తాగే పద్ధతి మారుతుంది. చూడాలి.

రాజమౌళి గారి గురించి మాట్లాడకపోతే ఇక్కణ్ణుంచి నన్ను కదలనివ్వరని తెలుసు. బాహుబలి 2015, 2017, తర్వాత 2022లో ఆర్‌ఆర్‌ఆర్, 2023లో నాటు నాటు పాటకి ఆస్కార్. కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆ వేదిక మీద నిలబడితే నేను మా ఇంట్లో లేచి నిలబడ్డాను, అబద్ధం ఎందుకు. ఆ సినిమాలు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి, అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ చరిత్ర పుస్తకంలో ఉండటం వేరు, తెల్లవారుజామున మూడున్నరకి చాప మీద కూర్చున్నవాళ్ళ ముందు ఉండటం వేరు. నన్నడిగితే ఆయనది ఈగ. 2012. హీరోని ఇరవై నిమిషాలకో ముప్పై నిమిషాలకో చంపేసి, వాణ్ణి ఈగని చేసి, ఆ ఈగకి ఒక్క మాట కూడా లేకుండా మిగతా సినిమా అంతా నడిపాడు. ఎదురుగా ఏమీ లేకుండా గాల్లోకి చూస్తూ సుదీప్ చేసిన నటన చూడండి. మా మనవరాలికి నాలుగేళ్ళు, దానికి తెలుగు సినిమా అంటే ఆ ఈగ ఒక్కటే. గ్రాఫిక్స్ పాతబడతాయి కదా అంటారు మీరు. పడనివ్వండి. పాతాళభైరవిలో ట్రిక్కులు ఎలా చేశారో ఇప్పుడు పిల్లలు కూడా కనిపెట్టేస్తారు, అయినా చూడ్డం మానారా?

మిగతావాళ్ళని గబగబా చెప్పేస్తాను, టైమ్ చూపిస్తున్నాడు అక్కడ. సుకుమార్, రంగస్థలం, పుష్ప కాదు. ఒక చెవిటివాణ్ణి హీరోని చేసి, ఆ చెవుడుతో మొదటి సగం నవ్వించి, అదే చెవుడుతో రెండో సగం గుండె పిండాడు. గౌతమ్ తిన్ననూరి, జెర్సీ, అందులో రైల్వే స్టేషన్ సీను, ఆనందం వస్తే ఎవరికీ వినపడకుండా అరవడానికి రైలు వచ్చేదాకా ఆగినవాడు. నేను స్టేషన్ పక్కనే ఇరవై రెండేళ్ళున్నాను, ఆ చప్పుడులో అరిచినా ఎవడికీ వినపడదు, నిజం. (నవ్వులు) వివేక్ ఆత్రేయ, అంటే సుందరానికీ, 2022లో పొడుగైందని జనం వదిలేశారు, సుమారు మూడు గంటలు మరి. బ్రాహ్మల ఇంట్లోనూ క్రైస్తవుల ఇంట్లోనూ ఒకే రకం భయం, ఒకే రకం అబద్ధం. ఇది ఖలేజా దారిలో వెళ్తుందని నా అంచనా, పదేళ్ళు ఆగండి. చంద్రశేఖర్ యేలేటి, 2003లో ఐతే తీశాడు, తర్వాత అనుకోకుండా ఒక రోజు, ఆయనకి రావాల్సిన పేరు ఇంకా బాకీ ఉంది. శేఖర్ కమ్ముల ఆనంద్, గోదావరి ఇప్పటికే అయిపోయాయి క్లాసిక్స్, వాటి గురించి మాట్లాడితే జరిగిపోయిన పెళ్ళికి ముహూర్తం పెట్టినట్టు.

ఇక్కడ మధ్యలో ఒకమ్మాయి చెయ్యెత్తింది, ఏమ్మా? ... ఆ. మొత్తం మగవాళ్ళ పేర్లే చెప్తున్నారు అంటోంది. నిజమే తల్లీ. 1953లోనే భానుమతి గారు చండీరాణి డైరెక్ట్ చేశారు, మూడు భాషల్లో. సావిత్రి గారు 1968లో చిన్నారి పాపలు తీశారు. విజయనిర్మల గారు నలభైకి పైగా తీసి గిన్నిస్ బుక్కులోకి ఎక్కారు. అంత మంది దారి వేశాక, ఇప్పుడు నందినీ రెడ్డి గారి పేరు చెప్పి తర్వాతి పేరు కోసం తడుముకుంటున్నానంటే అది నా మతిమరుపు కాదు. ఓ బేబీలో సమంత ఒంట్లో డెబ్భయ్యేళ్ళ ముసలావిడ ఉంటుంది, అది కొరియా కథే గానీ లక్ష్మి గారి మాటతీరు ఎక్కడ పట్టుకొచ్చి అమర్చారో చూడండి. వేరే దేశం కథలో మన బామ్మ దూరింది. నందిని గారికి సొంత కథతో ఒక పెద్ద సినిమా పడితే చూడాలని ఉంది.

ఒక భయం చెప్పి ఆపేస్తాను. షాపు మూసేసేటప్పుడు అటక మీద నాలుగు పెట్టెల క్యాసెట్లు పెట్టాను. రెండేళ్ళ తర్వాత దించి చూస్తే సగానికి బూజు. టేపు మీద తెల్లగా, సున్నం పూసినట్టు. తుడిస్తే బొమ్మ కూడా ఊడొస్తుంది. మన తెలుగువాళ్ళ మొదటి మూకీ, 1921లో రఘుపతి వెంకయ్య గారూ ఆయన కొడుకు ప్రకాష్ గారూ తీసిన భీష్మ ప్రతిజ్ఞ, ఈ రోజు ఎవరూ చూడలేరు, లేదు. అది మంచి సినిమానో కాదో కూడా మనకి తెలియదు. పుణెలో 1964లో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు గానీ అప్పటికే పోయినవి పోయాయి. మీరు అనుకోవచ్చు, ఇప్పుడన్నీ డిజిటల్ కదా అంకుల్, అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా అని. ఎక్కడున్నాయి? మొన్న ఒక సినిమా కోసం మా అబ్బాయి కట్టే మూడు యాప్‌లలో వెతికాను, పోయినేడు ఉంది, ఈ యేడు లేదు. హక్కుల గడువు అయిపోయిందట. నా షాపులో క్యాసెట్టు లేకపోతే గుంటూరు నుంచి తెప్పించేవాణ్ణి. ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెప్పించను? పెద్ద హీరోల సినిమాలకి ఫర్వాలేదు, వాటికి దిక్కుంది, మళ్ళీ వేస్తే డబ్బులొస్తాయి కాబట్టి ఎవరో ఒకరు దాచుకుంటారు. కంచరపాలెం లాంటిదానికి, సినిమా బండి లాంటిదానికి ఎవరున్నారు? ఆటో డ్రైవర్‌కి కెమెరా దొరికి ఊరి జనంతో సినిమా తీసే కథ అది, ఓటీటీలోనే వచ్చింది, థియేటర్ ప్రింటు కూడా లేదు. ఆ యాప్ వాళ్ళు ఒక బటన్ నొక్కితే అంతే సంగతులు. తీసేవాళ్ళలో ఎవరు గొప్పవాళ్ళని అడుగుతున్నారు గానీ, దాచేవాళ్ళు ఎవరని ఎవరూ అడగట్లేదు.

ఏం బాబూ, అర్జున్ రెడ్డి గురించి చెప్పలేదంటావా? చెప్తాను. 1989లో శివ వచ్చినప్పుడు సైకిల్ చైను తెంపిన సీను దగ్గర మా క్యాసెట్లన్నీ అరిగాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి కాలేజీ సినిమాలో శివ ఉంది. 2017 తర్వాత వచ్చిన ప్రతి గడ్డం హీరోలో అర్జున్ రెడ్డి ఉన్నాడు. దారి మళ్ళించింది, కాదనను. కానీ శివరాత్రికి మా వీధిలో అమ్మమ్మల మధ్య కూర్చుని చూసే మూడో క్యాసెట్టు అదేనా అంటే నువ్వే చెప్పు. (నవ్వులు) నీకు నచ్చితే నచ్చింది నాన్నా, నా షాపులో నేనెప్పుడూ ఎవరి చేతిలో క్యాసెట్టూ లాక్కోలేదు.

సరే, కుర్చీలు కొంచెం వెనక్కి జరపండి, పిల్లలు ముందు చాప మీద కూర్చుంటారు. ఇప్పుడు కంచరపాలెం వేస్తున్నాం, అందుకే చివర చెప్పలేదు. తొమ్మిదిన్నరకి హాలు ఖాళీ చేయమన్నారు గ్రంథాలయం వాళ్ళు, సినిమా రెండున్నర గంటలు, కాబట్టి ఇంటర్వెల్ లేదు, మరమరాలు ముందే పంచేస్తారు. మధ్యలో ఎవరికైనా ఏ సీనైనా మళ్ళీ చూడాలనిపిస్తే మొహమాటపడకుండా "ఇంకోసారి వెయ్యి" అని అరవండి. రిమోట్ నా చేతిలోనే ఉంటుంది. ఎక్కడ అరిచారో నేను రాసుకుంటాను.